జీవరాజు ఆఖరి పులస

జీవరాజు పోయాడని పేటలో అందరికీ తెలుసు, ఒక్క అచ్చాయమ్మకి తప్ప. ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయిందని కాదు. పెద్దలొచ్చి చెప్పారు. ఆడవాళ్ళొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చెప్పారు. పోలీసాయన టోపీ తీసి మరీ చెప్పాడు. ఆవిడ అందరికీ టీలిచ్చింది. "అలాగేనండి, ఆయనొచ్చాక చెప్తాను, మీరంతా వచ్చి అడిగారని" అని సాగనంపింది. ఆ మాట విన్న పోలీసాయన టోపీ వెనకముందులు మార్చి పెట్టుకుని రేవు దాకా అలాగే నడిచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన, గోదావరి పాయ ఒకటి మెలి తిరిగే చోట ఉంది వాళ్ళ పేట. ఆ మెలికలో నీళ్ళు సుడి తిరిగి తిరిగి లోతైన మడుగు కట్టాయి. ఎగువన వానలు పడి ఎర్రనీళ్ళు దిగాయంటే చాలు, సముద్రంలో ఉండాల్సిన పులస ఉప్పునీళ్ళు వదిలేసి, ఆ వరదకి ఎదురీదుకుంటూ వస్తుంది. ఆనకట్ట దాకా వెళ్ళేముందు ఈ మడుగులోనే కాస్త నడుం వాలుస్తుంది. పేట ఏడాది పొడుగునా ఎదురుచూసేది ఆ కొద్దిరోజుల కోసమే.

పులస సంగతి జీవరాజు చెప్పగా వినాలి. ఓసారి ఓ పులస ఆయన నావని అంతర్వేది నుంచి ఇక్కడిదాకా లాక్కొచ్చిందట. దారిలో ఈయన చుట్ట కాల్చుకుని, ఓ కునుకు కూడా తీసి, లేచి చూసేసరికి చేప ఇంకా లాగుతూనే ఉందట. పులసలు ఆనకట్ట గోడకి తలలు ఆనించి "తలుపు తియ్యండి బాబూ, చాలా దూరం నుంచి వచ్చాం" అని బతిమాలుకుంటాయట. ఆయన చెప్పేవాటిలో సగం అబద్ధం, మిగిలిన సగం అంతకన్నా పెద్ద అబద్ధం. అచ్చాయమ్మ ఒక్కటీ నమ్మేది కాదు. కాని రోజూ పొద్దుగుంకాక "ఏదీ, ఆ పులస నావ లాగింది చెప్పు" అని తనే అడిగేది.

ఆయన పోయింది కూడా పులస వేళలోనే. ఆవేళ గట్టుమీద నాగదుర్గ కాచుకుని కూర్చుంది. అచ్చాయమ్మ అన్నగారి కూతురు. రాజమండ్రిలో చేపల మీద పరిశోధనలు చేసే చోట ఉద్యోగం. ఆ పిల్లకి పులస మొప్పలు కావాలి, అవీ ప్రాణం ఉండగానే కావాలి. పులస పౌరుషం గల చేప, నీళ్ళలోంచి తీసిన మరుక్షణం ప్రాణం వదిలేస్తుంది. అందుకని ఐసుపెట్టే, మందునీళ్ళ సీసాలూ ముందరేసుకుని అక్కడే కూర్చుంది. జీవరాజు మొదటి చేపని పైకి లాగుతూనే గట్టుకి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"ఇదిగోనే కోడలా. మొప్పలు నీకు, చేప మీ అత్తకి, మీ అత్త తిట్లు నాకు."

అని నవ్వి, ఇంకో వల చూసొస్తానని మళ్ళీ మడుగులోకి వెళ్ళాడు. వరద పెరిగింది. సాయంత్రానికి నావ బోర్లాపడి ఒడ్డుకొచ్చింది. ఆయన రాలేదు. అచ్చాయమ్మ చింతపండు నానబెట్టి, బెండకాయలు తరిగి, అలాగే కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. మర్నాడు చేపని తీసుకెళ్ళి గోదాట్లోనే వదిలేసి వచ్చింది.

నీళ్ళలో పోయి శవం దొరకనివాడి విషయంలో ఆ పేటకి ఒక పద్ధతి ఉంది. దర్భతో మనిషి బొమ్మ కట్టి, అరటిబోదెల తెప్ప మీద పడుకోబెట్టి, పోయినవాడు పోయిన చోటే నీళ్ళలోకి వదలాలి. దానికి నిప్పు భార్య చేత్తోనే పెట్టాలి. అది జరిగేదాకా ఆ చోట ఎవరూ వల వెయ్యరు. వేస్తే చేపకి బదులు ఏం పైకి వస్తుందోనని భయం. మళ్ళీ ఎర్రనీళ్ళు వచ్చేలోగా ఆ పని అయిపోవాలి.

ఏడాది తిరిగొచ్చింది. జీవరాజు తమ్ముడు లోవరాజు రోజూ పొద్దున్నే వచ్చి వదినగారి అరుగు మీద కూర్చునేవాడు. వరదంటే భయం లేని మనిషే గాని, వదిన నోరంటే మాత్రం తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు.

"వదినా, ఆషాఢం వచ్చేసింది."

"వస్తే రానియ్యి. దానికి నేనేమన్నా అడ్డమా?"

"నువ్వే అడ్డం. ఎగువన వానలంట. రేపో మాపో ఎర్రనీళ్ళు దిగుతాయి. మడుగులో వల పడకపోతే పేటంతా ఏం తింటాది?"

"మీ అన్న వచ్చి వేస్తాడు."

"ఎక్కణ్ణించి వస్తాడొదినా?"

"పోయినవైపు నించే."

 లోవరాజు తలగుడ్డతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చివరికి ఓ పొద్దున, వాడలో నావలన్నీ ఒడ్డున బోర్లించి ఉండటం, మగాళ్ళు వాటి నీడలో ఊరికే కూర్చుని ఉండటం చూసి అచ్చాయమ్మకే మనసొప్పలేదు.

"సరేనయ్యా. అమావాస్య వెళ్ళనియ్యి. నీ బొమ్మ నువ్వు కట్టు" అంది.

పని కుదిరిందని పేట ఊపిరి పీల్చుకుంది. ఆ సంగతి మేనకోడలికి చెప్పి రావాలని, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అచ్చాయమ్మ రాజమండ్రి బస్సెక్కింది.

విషయం విని నాగదుర్గ తల దించుకుంది. తరవాత మెల్లిగా అంది: "అత్తా, నీకో సంగతి చెప్పలేదు. మావయ్య ఇచ్చిన పులస ఉంది చూడు... దానివి ఇంకా బతికే ఉన్నాయి."

"బతికుండటమేంటే? నేనే కదా దాన్ని గోదాట్లో వదిలాను!"

"చేప కాదత్తా. దాని మొప్పల్లో కణాలు. గాజుగిన్నెలో మేత పెట్టి పెంచుతున్నాం."

"ఏం మేత? తవుడా?"

నాగదుర్గ నవ్వలేదు. లేచి, అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తెల్లకోటు తొడిగింది. కాళ్ళకి నీలం సంచులు కట్టింది.

"ఇదేంటే, నన్ను పార్సిలు చేస్తన్నావా?"

"దుమ్ము పడకూడదత్తా."

బయట మిట్టమధ్యాహ్నం. ఉక్కపోతకి రోడ్డుమీద కుక్కలు కూడా నాలుకలు బయటపెట్టి పడుకుని ఉన్నాయి. ఆ గదిలోకి అడుగు పెడితే చలి, కటికచీకటి. నల్లటి తెరలు దించి ఉన్నాయి. ఎక్కడో ఏదో సన్నగా గుయ్యిమంటోంది. అచ్చాయమ్మ తనకి తెలియకుండానే గొంతు తగ్గించింది. నాగదుర్గ మైక్రోస్కోపు కింద గిన్నె పెట్టి, ఏదో నొక్కింది. ఎదురుగా ఉన్న తెర మీద నల్లటి నీళ్ళలోంచి తేలినట్టు చుక్కలు తేలాయి. పచ్చటి చుక్కలు. గోదావరి మీద చీకట్లో దూరంగా నావలు వెళ్తుంటే వాటి దీపాలు ఎలా కదులుతాయో అలా కదులుతున్నాయి. కొన్ని తొందరగా, కొన్ని తీరుబడిగా. కొన్ని ఉన్నచోటే గింగిరాలు తిరుగుతున్నాయి.

"ఒక్కో చుక్కా ఒక్కో అణువత్తా" అంది నాగదుర్గ. "ఒంట్లో ఉప్పుని తోడి బయట పోసే మోటారనుకో. పులస సముద్రంలో ఉన్నంతకాలం ఇది తోడుతూనే ఉంటుంది. గోదాట్లోకి వచ్చాక దీన్ని ఆపేసి, ఉన్న ఉప్పు పోకుండా పట్టుకునేదాన్ని పైకి తెచ్చుకుంటుంది. అలా ఎప్పుడు, ఎలా మారుతుందో చూడ్డానికే మా తంటా అంతా. మోటారు మన కంటికి కనపడదు. దానికి ఓ రంగు తగిలించాం. లేజరు లైటు పడితే ఆ రంగు వెలుగుతుంది. మనకి కనపడేది ఆ దీపమే."

"ఇది ఎప్పుడో తీసిన సినిమా కాదు కదా?"

"లైవత్తా. ఇప్పుడే, నీ ముందరే."

అచ్చాయమ్మ కుర్చీ అంచుకి జరిగింది. ఆయన చివరిసారి చేత్తో పట్టుకున్నది ఆ చేపనే. ఆయన చెయ్యి తగిలింది ఇంకా కదులుతోందనుకుంటూ ఆవిడ తెరకి ఇంకాస్త దగ్గరగా వంగింది. తెరమీద ఓ మూల తిరుగుతున్న చుక్క ఒకటి ఉన్నట్టుండి ఆరిపోయింది.

"పోయింది! పోయిందే!"

అంటూ ఉండగానే అది అక్కడే మళ్ళీ వెలిగింది.

"అదేం లేదత్తా. రెప్ప వేస్తుంటాయి. ఆరతాయి, మళ్ళీ వస్తాయి. మామూలే."

ఆ ఒక్క 'మామూలే' అన్నమాట నాగదుర్గ నోట రాకపోయి ఉంటే పేటకి ఇంత కథ ఉండేది కాదు. అచ్చాయమ్మ బస్సు దిగుతూనే, ఒళ్ళో దర్భ పెట్టుకుని తాడు పేనుకుంటున్న లోవరాజు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"బొమ్మా లేదు, గిమ్మా లేదు. తీసెయ్యి."

"అదేంటొదినా! నువ్వే కదా..."

"ఆరినంత మాత్రాన పోయినట్టు కాదంట. మళ్ళీ వెలుగుతాయంట. నా కళ్ళతో చూసొచ్చాను."

చుట్టూ పదిమంది చేరారు. ఎవరంట, ఏంటంట, ఎక్కడంట అని ఓ గోల. "సైన్సంటండి" అని ఒకడు తేల్చాడు. సైన్సు అనేసరికి మిగతావాళ్ళు బీడీలు వెలిగించుకున్నారు. లోవరాజు మాత్రం ఒళ్ళో దర్భకేసి చూస్తూ కూర్చున్నాడు.

అప్పటినుంచి అచ్చాయమ్మకి రాజమండ్రి దారి పట్టుకుంది. ఆ పరిశోధన చోట వాచ్‌మన్‌కి ఎండురొయ్యలు పెట్టి మంచి చేసుకుంది. "ఒక్కసారి చూపించవే" అంటే నాగదుర్గ కాదనలేకపోయేది. చీకటిగదిలో కూర్చుని ఆవిడ చుక్కలకేసి అలా చూస్తూ ఉండేది. ఆరినవాటిని లెక్క పెట్టుకునేది కాదు, తిరిగి వెలిగినవాటికి మాత్రం చేతులెత్తి దండం పెట్టేది.

ఇక ఇంటి దగ్గర జరిగినవి. నమ్మేవాళ్ళు నమ్మండి, నమ్మనివాళ్ళు ఆ పేటకి వెళ్ళి ఎవర్నయినా అడగండి.

మొదట వాసన. ఆవిడ రాజమండ్రి నుంచి వచ్చి తలుపు తీసేసరికి ఇంట్లో తడివల వాసన, దానివెనక చుట్టపొగ. వల ఏడాదిగా అటక మీద ఎండిపోయి ఉంది. ఆవిడ బెదరలేదు సరికదా, గడపలో నిలబడి గుండెల నిండా పీల్చుకుని, "వచ్చావా?" అంది. పక్కింటామె ఆ మాట విని తన పిల్లల్ని లోపలికి పిలుచుకుంది.

తరవాత నీళ్ళు. బిందె నిండా పొద్దున పట్టిన గోదావరి నీళ్ళు. సాయంత్రం గ్లాసుతో ముంచుకుని తాగబోతే గొంతు మండింది. ఉప్పు, మామూలు ఉప్పు కాదు, సముద్రం ఉప్పు. పారబోసి మళ్ళీ పట్టింది. ఆ మర్నాడు తియ్యగానే ఉన్నాయి. మళ్ళీ రాజమండ్రి వెళ్ళొచ్చిన రోజు ఉప్పు.

ఈలోగా మడుగు దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళు పట్టపగలు తెడ్డు చప్పుడు విన్నారు. చూస్తే నావ లేదు. చప్పుడు ఎదురుగానే ఉంది, గట్టుకి దగ్గరవుతోంది. బట్టలు అక్కడే వదిలి పరిగెత్తారు. ఆ తరవాత ఆ వైపు నీళ్ళకి వెళ్ళినవాళ్ళు లేరు.

లోవరాజు వచ్చాడు. ఈసారి తలగుడ్డ తియ్యలేదు. బిందెలో నీళ్ళు అడిగి తాగి, ఉమ్మేశాడు.

"ఉప్పేశావా వదినా?"

"బిందెలో ఉప్పెవరేస్తారయ్యా? నీ బుర్రలో వెయ్యాలి."

"అయితే నే చెప్పింది విను. నువ్వు అక్కడికెళ్ళి చూసొచ్చిన రోజే ఈ నీళ్ళు ఉప్పవుతున్నాయి. తెడ్డు చప్పుడూ ఆ రోజే. మొత్తం పేట గమనించింది. నీకే తెలవట్లేదు."

"తెలవకపోవడమేంటి? సముద్రం నించి వస్తన్నాడు, ఉప్పు కాక పంచదారవుతాదా? అయితే ఇక రోజూ వెళ్తాను. తొందరగా వస్తాడు."

లోవరాజు గ్లాసు కింద పెట్టాడు. "నవ్వులాట కాదొదినా. ఆ వచ్చేది అన్నయ్యేనని నీకెవరు చెప్పారు?"

"నా ఇంట్లోకి చుట్ట కాల్చుకుంటా వచ్చే ధైర్యం ఇంకెవరికుంది?"

మాట అలా అంది గాని, లోవరాజు వెళ్ళాక అచ్చాయమ్మ గడప మీదే కూర్చుండిపోయింది. తను నవ్వుతున్నానో, పళ్ళు కొరుకుతున్నానో ఆవిడకే తెలియలేదు. అయినా మర్నాడు బస్సెక్కింది.

ఆ రోజు తిరిగొచ్చేసరికి ఇంట్లో తడి అడుగులు. గడప దగ్గర మొదలై పొయ్యి దాకా ఉన్నాయి. పొద్దున అలికి వెళ్ళిన మట్టినేల, అచ్చు పడినట్టు స్పష్టంగా పడ్డాయి. ఎడమకాలి చిటికెనవేలు పక్కకి వంగి ఉంది. ఆ వేలు ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు లంగరు పడి విరిగిన వేలు. ఆవిడ కింద కూర్చుని, అరచెయ్యి ఆ తడిమీద ఆనించింది. చల్లగా, ఇసుక గరగరలాడుతూ ఉంది.

అలా చెయ్యి ఆనించి ఉండగానే ఇంకోటి కనపడింది. అడుగులు గడప నుంచి లోపలికి వచ్చాయి, నిజమే. కాని వేళ్ళు బయటికి చూస్తున్నాయి. మడమలు మాత్రం లోపలివైపు, నేలలోకి లోతుగా దిగబడి ఉన్నాయి. ఒక్కో అడుగుకీ మధ్య నేల గీరుకుపోయి ఉంది.

దయ్యాల కాళ్ళు వెనక్కి ఉంటాయని పేటలో పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. లోవరాజు చూసుంటే అదే అని పారిపోయేవాడు. అచ్చాయమ్మ మత్స్యకారుడి భార్య. వల లాగేటప్పుడు ఒడ్డున నిలబడి తాడు పట్టినావిడ. లాగేవాడి అడుగులెలా పడతాయో, తాడు తననే లాగేస్తుంటే మనిషి మడమలు ఎలా తన్నిపెడతాడో ఆవిడకి తెలుసు. ఈ మనిషి తనంతట తను నడిచి రాలేదు. ఎవరో లాక్కొచ్చారు. రానంటూ, బయటికే మొహం పెట్టి, ప్రతి అడుగుకీ ఎదురుతన్నుతూ వచ్చాడు.

ఆవిడ ఆ సాయంత్రం అన్నం వండుకోలేదు. ఇంట్లో దీపం కూడా పెట్టలేదు.

పొద్దున్నే రాజమండ్రి వెళ్ళేసరికి నాగదుర్గ మొహం కూడా బాగాలేదు. నిద్ర లేని కళ్ళు.

"అత్తా, నువ్వు రాకపోతే నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. ఇదే ఆఖరి గిన్నె. ఆ చేప కణాలు ముసలివైపోయాయి, ఇక పిల్లల్ని పెట్టట్లేదు."

"చూపించు."

"చూపిస్తాను. కాని నాకొకటి అర్థం కావట్లేదత్తా. వీటిని మంచినీళ్ళలోకి మార్చి చాలా రోజులైంది. గోదాట్లోకి వచ్చేశామని తెలిసి, ఆ ఉప్పు తోడే మోటార్లన్నీ ఈపాటికి లోపలికి దిగిపోవాలి. మిగతా చేపలవన్నీ దిగిపోయాయి. ఇవి దిగట్లేదు. ఇంకా తోడుతూనే ఉన్నాయి. సముద్రంలో ఉన్నామనే అనుకుంటున్నాయి. నీళ్ళు కలపడంలో నేనేదో తప్పు చేశానన్నారు మా సారు. మళ్ళీ కలిపాను. అదే."

అచ్చాయమ్మ చీకట్లో కూర్చుంది. తెర వెలిగింది. మొదటిరోజు అన్ని చుక్కలుండేవి, ఇప్పుడు ఇక్కడొకటీ అక్కడొకటీ మిగిలాయి. అవీ తిరగట్లేదు. అన్నీ ఒక అంచుకి చేరి, కదలకుండా, ఉన్నచోటే వణుకుతున్నాయి. గట్టిగా దేన్నో పట్టుకుని వేలాడుతున్నట్టు. చూస్తుండగానే ఒకటి ఆరింది. ఆవిడ ఎదురుచూసింది. అది రాలేదు. ఇంకోటి ఆరింది.

"ఇవేంటే, తిరిగి రావట్లేదు?"

 "రెప్ప వేసేవి కొన్నిసార్లే వేస్తాయత్తా. తరవాత పూర్తిగా ఆరిపోతాయి. ఆ లేజరు వెలుగుకి రంగు కాలిపోతుంది."

"ఏ లేజరు?"

"ఇదే. మనం చూడ్డానికి వేసేదే."

"అంటే నేను చూసినప్పుడల్లా..."

"ఎంతసేపు చూస్తే అంత కాలతాయి. కణాలకి కూడా ఆ వెలుగు బాధే. నీకు ముందే చెప్పాల్సింది. నువ్వు దండం పెట్టుకుంటుంటే నోరు రాలేదత్తా."

 అచ్చాయమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"ఆరిపోయినవి చచ్చినట్టేనా?"

"లేదత్తా. కాలేది పైన తగిలించిన రంగే. మోటారు అక్కడే ఉంటుంది. దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. మనకి కనపడదు, అంతే."

"మనం చూడకపోతే?"

"చూడకపోతే దానికి ఏ బాధా లేదు."

తెర అంచున మిగిలిన చుక్కలు వణుకుతూనే ఉన్నాయి. వాటిలో ఒకటి అంచు నుంచి జారి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. అచ్చాయమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఆపెయ్యవే."

"ఇంకా కొన్ని ఉన్నాయి కదత్తా, నువ్వు కావాలంటే..."

"ఆపెయ్యమన్నానా? మీ మావయ్యని ఇంకెంత కాలుస్తావు!"

నాగదుర్గ నొక్కింది. తెర నల్లబడింది. ఆ నలుపులో, ఆ చలిలో, తడివల వాసన ఒక్కసారి గుప్పున కొట్టి, తలుపు తెరిస్తే గాలి పోయినట్టు పోయింది.

"అత్తా," అంది నాగదుర్గ సన్నగా, "నువ్వు సంచిలో ఏదన్నా తెచ్చావా?"

"ఏం తేలేదు. గిన్నె మూతేసి చీకట్లో పెట్టెయ్యి. ఇక దాన్ని ఎవరూ చూడకండి."

"నా పనో అత్తా?"

"నీ పనికి ఇంకో చేప వస్తాది. మడుగులో వల పడితే వస్తాది. పద, నువ్వూ రా."

లోవరాజు దర్భ పారెయ్యలేదు. వదిన మాట మీద గౌరవం కొద్దీ అటక మీద దాచాడు. ఆవిడ వచ్చి కట్టమన్నాక, మర్నాటి ఉదయానికి బొమ్మ తయారైంది. ఎగువ నుంచి వచ్చే నీళ్ళకి అప్పటికే కొంచెం మట్టిరంగు వచ్చింది. పేటంతా మడుగు గట్టున చేరింది. అందరూ ఎడంగా నిలబడ్డారు, నీళ్ళకి దగ్గరగా అచ్చాయమ్మా, లోవరాజూ, నాగదుర్గా మాత్రమే.

అచ్చాయమ్మ కర్పూరం వెలిగించి బొమ్మ గుండెల మీద పెట్టింది. పెడుతూ ఏదో అనాలి. ఏం అంటుందోనని అందరూ చెవులొగ్గారు.

"నీ కోతలన్నీ విన్నానయ్యా, ఒక్కటీ నమ్మలేదు. ఇక అక్కడ చెప్పుకో. అక్కడివాళ్ళయినా నమ్ముతారేమో" అంది. లోవరాజు నవ్వబోయి ఏడ్చాడు.

తెప్పని నీళ్ళలోకి తోశారు. అది కొంచెం దూరం సాగింది. మడుగు మధ్యకి వెళ్ళి ఆగిపోయింది. చుట్టూ ప్రవాహం పోతోంది, ఆకులు పోతున్నాయి, నురగ పోతోంది. తెప్ప మాత్రం పోవట్లేదు. తల ఎగువకి తిప్పుకుని, ఉన్నచోటే వణుకుతూ నిలబడింది. మంట దాని మీద నిటారుగా లేచింది.

గట్టు మీద ఒక్కరూ రెప్ప వెయ్యలేదు. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. "వదినా," అన్నాడు లోవరాజు, "పోవట్లేదే."

అచ్చాయమ్మ తెప్పని చూసింది. తరవాత గట్టుమీద నిలబడ్డ అన్ని కళ్ళనీ చూసింది. పేటంతా, చంకలో పసిపిల్లలతో సహా, దానికేసే చూస్తోంది.

"ఎలా పోతాడు? ఇంతమంది పట్టుకున్నారు కదా" అంది. "అటు తిరగండి. అందరూ ఊరివైపు తిరగండి. ఎవరూ చూడొద్దు."

"వదినా?"

"మనం చూస్తన్నంతసేపూ ఆ మనిషికి మంటే. తిరగండంటుంటే!"

ఆ నోటికి ఎవరు ఎదురు చెప్తారు? పేటంతా నీళ్ళకి వీపు పెట్టి నిలబడింది. నాగదుర్గ కూడా తిరిగింది. అందరి తరవాత అచ్చాయమ్మ తిరిగింది. వెనక మంట చిటపటమంటోంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. తరవాత నీళ్ళ చప్పుడు. ఎవరో మోకాళ్ళ లోతు నీళ్ళలోంచి గట్టుకి నడిచి వస్తుంటే వచ్చే చప్పుడు. అది వచ్చి వచ్చి సరిగ్గా అచ్చాయమ్మ వెనక ఆగింది. ఆవిడ మెడ వెనక చల్లగాలి తగిలింది. రవికె వీపు మీద ఒక్కో చుక్కా పడుతూ తడిసింది. చుట్టపొగ వాసన. ఇంత దగ్గరగా, ఇంత కమ్మగా ఏడాదిలో ఎన్నడూ రాలేదు. పక్కన నిలబడ్డ నాగదుర్గ అత్త ముంజేతిని పట్టుకుంది, గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆవిడ మెడ తిప్పితే చాలు. ఒక్క రవ్వ తిప్పితే చాలు.

అచ్చాయమ్మ ఎదురుగా ఉన్న బోర్లించిన నావలకేసి చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా అంది: "నేను చూడట్లేదు. వెళ్ళు."

చుక్కలు పడటం ఆగింది. నీళ్ళ చప్పుడు ఒకసారి కదిలింది. మరి ఎటు కదిలిందో వీపుకేం తెలుస్తుంది? ఎగువకో, దిగువకో. మెల్లిగా ప్రవాహం హోరులో కలిసిపోయింది.

లోవరాజే ముందు తిరిగాడు. మడుగులో తెప్ప లేదు. బూడిద లేదు. అరటిబోదె ముక్కయినా లేదు.

"ఎటు పోయిందో ఎవరన్నా చూశారా?" అని అడిగాడు.

ఎవరూ చూడలేదు.

అచ్చాయమ్మ అప్పటికే గట్టెక్కి ఊరివైపు నడుస్తోంది. వీపు తడిసి రవికె ఒంటికి అంటుకుపోయి ఉంది. వెనక్కి తిరక్కుండానే గట్టిగా కేకేసింది:

"నిలబడి చూస్తారేంటయ్యా? ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. వలలు తియ్యండి!"